ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్సా, 1.7ఐనా? ప్లేనార్‌కి సబ్ అతికించడం ఎలా?

కొత్తచెవి:

గది 5.2 మీటర్ల పొడవు, 3.6 వెడల్పు, 3 ఎత్తు. స్పీకర్లు చిన్న గోడ వైపు, వినేది పొడుగు వెంట. ఆంప్ 8 ఓమ్‌లకి 100 వాట్లు, 4 ఓమ్‌లకి 180 ఇస్తుంది; ప్రీ-అవుట్ (ప్రీఆంప్ నుంచి బయటికి), మెయిన్-ఇన్ (పవర్ ఆంప్‌లోకి) విడివిడిగా ఉన్నాయి. ప్లేనార్లలో, అంటే కోన్ బదులు పలుచటి పొరతో పలికే పలక (ప్యానెల్) స్పీకర్లలో, మ్యాగ్నెపాన్ ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్, 1.7ఐ, ఈ రెండింటి దగ్గర ఆగిపోయాను. పాత క్వాడ్ ఈఎస్‌ఎల్-57 (ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్) జత కూడా దొరికే వీలుంది.

ఏది తీసుకున్నా సబ్ (లోతైన బేస్ కోసం వేరే స్పీకర్, సబ్‌ఊఫర్) తప్పదని అందరూ అంటారు, అక్కడితో ఆపేస్తారు. సీల్డా (మూసిన డబ్బా), పోర్టెడా (గాలి గొట్టం ఉన్నది)? ఒకటా, రెండా? ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కోసి సబ్‌కి అప్పగించాలి? ప్యానెల్‌కి బేస్ వెళ్లకుండా ఆపాలా, పూర్తిగా వదిలేయాలా? "ప్యానెల్ వేగాన్ని సబ్ అందుకోలేదు" అనే మాటలో నిజమెంత?

పలకలపిచ్చి:

సబ్ ఎలాగూ పెడుతున్నారు కాబట్టి ప్యానెల్‌ని బేస్ చూసి కొనకండి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ప్యానెల్‌కి డబ్బా లేదు. ముందుకు ఎంత గాలి తోస్తుందో వెనక్కీ అంతే, కాకపోతే తలకిందులుగా. అల పొడవు ప్యానెల్ వెడల్పుని బాగా దాటాక వెనక గాలి అంచు చుట్టూ తిరిగొచ్చి ముందు గాలిని మింగేస్తుంది. కిందికి దిగేకొద్దీ ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 6 డెసిబెల్స్ చొప్పున తగ్గిపోతుంది. ఒక ఆక్టేవ్ కింద అదే లెవెల్ రావాలంటే డబ్బా స్పీకర్ కోన్ 4 రెట్లు ఎక్కువ ఊగితే సరిపోతుంది. ఇలా ముందూ వెనకా పలికే డైపోల్‌కి 8 రెట్లు కావాలి. ఈ రెండు మోడళ్లలోనూ మైలార్ పొరకి ఒక పక్కన అయస్కాంతపు పట్టీలు అతికించిన చిల్లుల ఇనుప రేకు ఉంటుంది. పొర ఊగి ఊగి దానికి తగిలితే "టప్" మంటుంది. కిక్ డ్రమ్ గట్టిగా ఉన్న పాటలో ఆ టప్ వినబడితే స్పీకర్ పాడైందని కంగారు పడక్కర్లేదు. మోయలేని బేస్ దాని నెత్తిన పడుతోందంతే.

ఇక లెక్కలు. 1.7ఐ 64.5 అంగుళాల ఎత్తు, 19.25 వెడల్పు, త్రీ-వే (శబ్దాన్ని మూడు భాగాలు పంచుకుంటాయి); కంపెనీ చెప్పేది 40 హెర్ట్జ్. ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్ 48 అంగుళాల ఎత్తు, 14.5 వెడల్పు, టూ-వే, 50 హెర్ట్జ్. సబ్‌తో 80 దగ్గర కోస్తే ఆ 10 హెర్ట్జ్ తేడా అసలు ఆటలోనే ఉండదు. 1.7ఐ నిజంగా ఎక్కువిచ్చేది వేరే చోట: 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య నిండుదనం, గట్టిగా పెట్టినా బిగుసుకోకపోవడం, గొంతు కూర్చున్నవాడి కళ్ల ఎత్తులో నిలబడటం. ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్ పొట్టిది; ఎత్తు కుర్చీ వేసుకుంటే పాట కాస్త కిందనుంచి వస్తున్నట్టుంటుంది, లేచి నిలబడితే ట్రెబుల్ పోతుంది.

ఆంప్ సంగతి: ఈ స్పీకర్లకి 86 డెసిబెల్స్ అని రాసేది 2.83 వోల్ట్‌లకి. 4 ఓమ్‌ల మీద ఆ వోల్టేజి అంటే 2 వాట్లు. కాబట్టి వాటుకి 83 అనుకోండి. మీ 180 వాట్లు ఈ గదికి చాలు, మిగిలేంత మాత్రం కాదు. బేస్‌ని ప్యానెల్ నుంచి తప్పిస్తే అదే ఆంప్‌కి ఊపిరాడుతుంది.

నా ఓటు: డీఎస్‌పీ (శబ్దాన్ని లెక్కలతో సర్దే డిజిటల్ పెట్టె) పెట్టి, రెండు సబ్‌లు పెట్టి, కొలిచి సర్దే ఓపిక ఉంటే ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్. ఒకటే సబ్, మైక్ పట్టుకునే పని వద్దు అంటే 1.7ఐ. అది కిందికి తనంతట తాను దిగుతుంది గనక సబ్ తప్పుగా కలిసినా అంత బయటపడదు.

గ్రాఫ్‌చూడు:

పెదరాయుడిలా తీర్పు చెప్పేముందు గది చూద్దాం. మోడల్ కంటే ఆ 5.2 మీటర్లే ఎక్కువ మాట్లాడతాయి.

వెనక గోడ నుంచి మొదలుపెడదాం. ప్యానెల్ వెనక అల గోడకి కొట్టుకుని తిరిగి వస్తుంది, అదీ తలకిందులుగా. అందుకే డబ్బా స్పీకర్ లెక్క ఇక్కడ తిరగబడుతుంది. గోడకి 1.2 మీటర్ల దూరంలో పెడితే రానుపోను 2.4 మీటర్లు, అంటే 7 మిల్లీసెకన్లు. 71 హెర్ట్జ్ దగ్గర ఉబ్బు, 143 దగ్గర గుంట. 0.6 మీటర్లకి నెడితే ఉబ్బు 143కి ఎక్కుతుంది, మగ గొంతు డ్రమ్ములోంచి వచ్చినట్టుంటుంది. ఆలస్యం కూడా 3.5 మిల్లీసెకన్లకి తగ్గిపోయి వెనక అల ముందు అలతో కలగలిసి బొమ్మ (ఏ శబ్దం ఎక్కడినుంచి వస్తోందో తెలిసే తీరు) మసకబారుతుంది. ఒక మీటరు కంటే దగ్గరికి పెట్టాల్సి వస్తే ప్లేనార్ ఆలోచనే మానుకోవడం మంచిది. వెనక గోడంతా మందపాటి ఫోమ్ అంటించేవాళ్లున్నారు. అలా చేస్తే డైపోల్ కొన్న ఫలితమే పోతుంది. పుస్తకాల అర లాంటి ఎగుడుదిగుడు ఉంటే చాలు.

ఇప్పుడు కుర్చీ. ప్యానెళ్లు 1.2 దగ్గర, మధ్యకి మధ్య 2 మీటర్లు, వాటి నుంచి 2.8 మీటర్ల వెనక కుర్చీ అనేది అందరూ వేసే లెక్క. మీ గదిలో అది సరిగ్గా గోతిలో కూర్చోబెడుతుంది. పొడవు వెంట మొదటి మోడ్ (గది తనంతట తాను మోగే ఫ్రీక్వెన్సీ) 33 హెర్ట్జ్, రెండోది 66. రెండోదానికి పీడనం సున్నా అయ్యే చోట్లు గోడల నుంచి పొడవులో పావు వంతు దూరంలో, అంటే 1.3 మీటర్ల దగ్గర. మీ కుర్చీ వెనక గోడకి 1.2లో ఉంటుంది. సబ్, ప్యానెల్ చేతులు మార్చుకునే చోటే 66 హెర్ట్జ్ మాయం! ఎంత సబ్ పెంచినా అది నిండదు. కుర్చీని 40 సెంటీమీటర్లు ముందుకి జరపండి, ప్యానెళ్ల మధ్య దూరాన్ని 1.9కి తగ్గించండి. పైసా ఖర్చు లేని మార్పు, ఏ కేబుల్ మార్చినా రానంత తేడా.

అదే పావు వంతు సబ్‌లకి మాత్రం వరం. ప్యానెళ్ల వరుసలోనే, వాటి బయటి అంచుకీ పక్క గోడకీ మధ్య చెరో సబ్ పెడితే అవీ ముందు గోడకి 1.2 నుంచి 1.3 మీటర్లలో ఉంటాయి. అక్కడి నుంచి 66 మోడ్‌ని రేపడం దాదాపు కుదరదు. వెడల్పు మోడ్ 47.6 హెర్ట్జ్‌ది, ఎడమా కుడీ సమానంగా ఉన్న రెండు సబ్‌లు దాన్ని పరస్పరం రద్దు చేసుకుంటాయి. ఒకే సబ్ మూలన పెడితే మధ్యలో కూర్చున్నవాడికి ఏమీ తెలియదు, పక్క సీటువాడికి మోత మోగుతుంది. పొడవు, వెడల్పు మోడ్‌లలో ఇక మిగిలేది 33 ఒక్కటి, దాన్ని ఒక పారామెట్రిక్ ఫిల్టర్‌తో (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీని మాత్రమే తగ్గించేది) కోసేయొచ్చు. చోటు కూడా సరిపోతుంది: ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్‌కి పక్కన సుమారు 66 సెంటీమీటర్లు మిగులుతాయి, 1.7ఐకి 60. డైపోల్ తన తలంలో పక్కలకి దాదాపు ఏమీ పంపదు గనక సబ్ డబ్బా అక్కడున్నా ప్యానెల్ శబ్దానికి అడ్డుకాదు.

సీల్డ్ తీసుకోండి. సీల్డ్ సబ్ ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ చొప్పున నెమ్మదిగా వాలుతుంది. 33 కింద మూసిన గది ఇచ్చే ఊతం దాన్ని చాలావరకు నింపుతుంది. పోర్టెడ్ తన ట్యూనింగ్ కింద 24 చొప్పున కూలిపోతుంది, ట్యూనింగ్ దగ్గర గ్రూప్ డిలే (ఆ స్వరాలు ఆలస్యంగా రావడం) పెరుగుతుంది. రిథ్మిక్ ఎఫ్12, ఎస్‌వీఎస్ ఎస్‌బీ-1000 ప్రో లాంటి 12 అంగుళాల సీల్డ్ జత మీ గదికి సరిగ్గా సరిపోయే సైజు. ఒక పెద్ద 15 కంటే రెండు 12లు మేలు, పైన చెప్పిన కారణానికే.

వేగం గురించి: 60 హెర్ట్జ్‌లో ఒక్క చుట్టుకే 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. అక్కడ వేగంతో పనిలేదు. "నిదానం" అని వినబడేది మూడు: మోడ్ ఆగకుండా మోగడం, సబ్ లెవెల్ ఎక్కువ కావడం, ప్యానెల్‌కీ సబ్‌కీ సమయం కుదరకపోవడం. డైపోల్ గదిని తక్కువ మోగిస్తుంది, సబ్ నాలుగు వైపులా మోగిస్తుంది. పక్కపక్కన ఉంచగానే ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, నింద పాపం సబ్ కోన్ మీద పడుతుంది.

తీగచుట్ట:

మైక్, డీఎస్‌పీ అనగానే సగం మంది పారిపోతారు. 1.7ఐ అయితే తేలిక దారి ఉంది: ప్యానెల్‌ని ముట్టుకోకుండా పూర్తిగా ఆడనివ్వండి, హై-లెవెల్ ఇన్‌పుట్ (ఆంప్ స్పీకర్ టెర్మినల్స్ నుంచి సిగ్నల్ తీసుకునేది) ఉన్న సబ్‌ని కింద నుంచి కలపండి. ఆర్‌ఈఎల్ అనే సబ్ కంపెనీ పద్ధతి ఇదే. స్పీకాన్ కేబుల్‌లో మూడు తీగలు: ఎరుపు కుడి పాజిటివ్‌కి, పసుపు ఎడమ పాజిటివ్‌కి, నలుపు ఏదో ఒక నెగటివ్‌కి. ఆంప్ ఆపి, గోడ నుంచి తీగ పీకేసి మాత్రమే కలపండి. క్రాసోవర్ (సబ్‌ని కోసే ఫ్రీక్వెన్సీ) 40 నుంచి 50 మధ్య మొదలుపెట్టి, పోలారిటీ స్విచ్ (అలని తలకిందులు చేసేది) రెండు వైపులా వేసి చూసి ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. ఆ తర్వాతే వాల్యూమ్.

ఇక్కడ ఆంప్‌లు చచ్చే చోటు ఒకటుంది. బ్రిడ్జ్ చేసిన (రెండు ఛానెల్స్ కలిపి ఒకటిగా వాడిన) ఆంప్‌లోనూ, పూర్తి బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ ఉన్నవాటిలోనూ, చాలా క్లాస్-డీ ఆంప్‌లలోనూ నెగటివ్ టెర్మినల్ కూడా "వేడిగా" ఉంటుంది, అంటే సిగ్నల్ మోస్తుంది. నల్ల తీగ అక్కడ తగిలించకండి. ఆంప్ ఛాసిస్ స్క్రూకి బిగించాలి. మీ ఆంప్ ఏ రకమో మాన్యువల్‌లో చూసుకోకుండా దీని జోలికి పోవద్దు.

ఈ పద్ధతిలో కొరత కూడా చెప్పాలి: ప్యానెల్ మీద భారం తగ్గదు, ఆ టప్ శబ్దం అలాగే ఉంటుంది, ప్యానెల్‌ని ఆలస్యం చేసే వీలు లేదు. మామూలు వాల్యూమ్‌లో వినేవాళ్లకి మాత్రం ఇంతకన్నా అందమైన అతుకు నేను ఒప్పుకోను.

కొత్తచెవి:

కుర్చీ గురించి చెప్పింది ఊహించలేదు, ఇప్పుడున్న స్పీకర్లకీ అదే గుంట. రెండు ప్రశ్నలు. డీఎస్‌పీ లేకుండా ప్యానెల్‌కి బేస్ ఆపాలంటే కెపాసిటర్ చాలా? ఈఎస్‌ఎల్-57 సంగతి ఎవరూ ఎత్తలేదేం?

పలకలపిచ్చి:

ఈఎస్‌ఎల్-57 మధ్య శ్రేణి అందుకున్న ప్యానెల్ అరుదు. కానీ మీ ఆంప్ దానికి శత్రువు. ఆ స్పీకర్ ఓర్చేది 33 వోల్ట్‌ల పీక్. 8 ఓమ్‌లకి 100 వాట్లు అంటే 40 వోల్ట్‌ల పీక్. ఒక్కసారి చెయ్యి జారితే ట్రెబుల్ ప్యానెల్లో నిప్పురవ్వ లేచి పొరకి చిల్లు పడుతుంది. బేస్ ప్యానెళ్లకి 6 కిలోవోల్ట్‌లు, ట్రెబుల్‌కి 1.5 కిలోవోల్ట్‌లు నిత్యం ఉండాలి. తేమ, దుమ్ము పట్టిన పాతవాటిలో ఒక పక్క మెల్లగా మూగబోతుంది. కొనేముందు రెండు స్పీకర్లలో ఒకే మోనో గొంతు వేసి చూడండి, బొమ్మ ఒక పక్కకి లాగితే ఆ రెండో దానిలో హైవోల్టేజి భాగమో ప్యానెలో పోయినట్టే. 1981లో వచ్చిన ఈఎస్‌ఎల్-63లో రక్షణ సర్క్యూట్ ఉంది, 57లో ఆ అండ లేదు. మొదటి ప్లేనార్‌గా 57 వద్దు.

తీగచుట్ట:

కెపాసిటర్ చాలు, చోటు తప్పకపోతే. ఆంప్ తర్వాత, స్పీకర్ తీగలో పెట్టాలంటే 4 ఓమ్‌లకి 80 హెర్ట్జ్ దగ్గర దాదాపు 500 మైక్రోఫారడ్‌లు కావాలి. అంత పెద్ద మంచి కెపాసిటర్ దండగ. ప్రీ-అవుట్‌కీ మెయిన్-ఇన్‌కీ మధ్య పెడితే గోరంతది చాలు.

లెక్క: 1ని (2 × 3.14 × ఇన్‌పుట్ ఇంపిడెన్స్ × ఫ్రీక్వెన్సీ)తో భాగించండి. మెయిన్-ఇన్ 47 కిలో ఓమ్‌లైతే 60 హెర్ట్జ్‌కి 0.056 మైక్రోఫారడ్. 20 కిలో ఓమ్‌లైతే 80 హెర్ట్జ్‌కి 0.1. పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకం, ఛానెల్‌కి ఒకటి, ఆర్‌సీఏ కేబుల్ మధ్య తీగకి సిరీస్‌లో. చుట్టూ ఉన్న షీల్డ్ తెగకూడదు, తెగితే హమ్మే హమ్ము. సబ్‌కి వెళ్లే వై-కొమ్మ కెపాసిటర్‌కి ముందే చీలాలి. తర్వాత తీస్తే సబ్‌కీ బేస్ ఉండదు, పైగా సబ్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ కలిసి మీ లెక్కంతా పైకి జరిగిపోతుంది. ఆక్టేవ్‌కి 6 డెసిబెల్సే కాబట్టి టప్ పూర్తిగా పోదు, బాగా తగ్గుతుంది.

గ్రాఫ్‌చూడు:

రెండు సబ్‌లకి వెళ్తానంటే కెపాసిటర్ మీద ఆగకండి. మినీడీఎస్‌పీ 2×4 హెచ్‌డీ ఒకటి, యూమైక్-1 మైక్, ఉచితంగా దొరికే ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్. ఆ పెట్టె ప్రీ-అవుట్, మెయిన్-ఇన్ మధ్య కూర్చుంటుంది; రెండు అవుట్‌పుట్లు ప్యానెళ్లకి, రెండు సబ్‌లకి. దాని అవుట్‌పుట్ 2 వోల్ట్‌లు మించదు, మీ ఆంప్ ఫుల్ పవర్‌కి అంతకంటే ఎక్కువ అడుగుతుందేమో ముందే చూసుకోండి.

మైక్ కుర్చీలో చెవి ఎత్తున. ముందు ప్యానెళ్లు మాత్రమే, ఫిల్టర్ లేకుండా కొలవండి, ఎక్కడ వాలుతోందో కనబడుతుంది. తర్వాత ప్యానెల్‌కి 80 దగ్గర 12 డెసిబెల్స్ వాలు హై-పాస్ (పైవాటినే వదిలే ఫిల్టర్), సబ్‌కి 80 దగ్గర 24 వాలు లో-పాస్ (కిందివాటినే వదిలేది). రెండింటికీ 24 పెట్టడం పుస్తకాల్లో అందంగా ఉంటుంది గానీ, ప్యానెల్‌కి సొంత వాలు కూడా ఉంది. అవి కలిసి కోసే చోట గుంట తవ్వుతాయి. సబ్‌లో ఉన్న సొంత లో-పాస్‌ని ఆపేయండి, లేదా చివరికంటా పైకి తిప్పేయండి. ఈ ఒక్కటి మర్చిపోయి రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని వారాల తరబడి తికమకపడేవాళ్లు బోలెడుమంది.

ఇక సమయం. లోపల డీఎస్‌పీ ఉన్న సబ్ కొన్ని మిల్లీసెకన్లు వెనకపడుతుంది. 5 మిల్లీసెకన్లు అంటే సబ్‌ని 1.7 మీటర్లు వెనక్కి జరిపినట్టే. కాబట్టి ఆలస్యం చేయాల్సింది ప్యానెళ్లని. సబ్‌ల పోలారిటీని కావాలని తిరగేయండి, ప్యానెల్ డిలేని అర మిల్లీసెకన్ చొప్పున పెంచుతూ ప్రతిసారీ కొలవండి. 80 దగ్గర గుంట లోతవుతూ పోతుంది. అన్నింటికంటే లోతైన చోట ఆగి పోలారిటీ మామూలు చేయండి, గుంట ఉన్నచోట నిండుగా కలుస్తుంది. గుంట 15 డెసిబెల్స్ కూడా దాటకపోతే ముందు సబ్ లెవెల్ ప్యానెల్‌తో సమానంగా ఉందో లేదో చూడండి. సమానం కాని రెండు అలలు ఎప్పటికీ పూర్తిగా రద్దు కావు.

33 ఉబ్బుని చివర్లో కోయండి. ఉబ్బులు కోయడమే, గుంటలు పూడ్చవద్దు. రద్దయిపోయే చోట 6 డెసిబెల్స్ పోస్తే ఆంప్‌కి నాలుగింతల పవర్ ఖర్చు, వినేవాడికి సున్నా. ఇంకొకటి: ప్యానెల్ శబ్దం దూరంతో నెమ్మదిగా తగ్గుతుంది, సబ్‌ది గదిని బట్టి మారుతుంది. సోఫా అంచున సరిగ్గా ఉన్న లెవెల్ వెనక వరసలో సరిగ్గా ఉండదు. ఎక్కడ వింటారో అక్కడే కొలవండి. ఆఖరి తూకం చెవితో వేయండి: డబుల్ బేస్ ఒక్కటే మెట్టు మెట్టుగా దిగే భాగం పెట్టి, ఏ స్వరమూ మిగతావాటికంటే ముందుకు దూకకుండా ఉండేదాకా.

కొత్తచెవి:

ఎల్‌ఆర్‌ఎస్ ప్లస్, రెండు సీల్డ్ 12లు, 2×4 హెచ్‌డీ. ఖాయం చేసుకున్నాను.

పలకలపిచ్చి:

మంచిది. పెట్టె విప్పగానే ఎడమ, కుడి గుర్తులు చూసుకోండి, జత అద్దంలో బింబంలా ఉంటుంది. ట్వీటర్ అంచులు రెండూ లోపలికో, రెండూ బయటికో ఉండాలి. ఒకటి అటు ఒకటి ఇటు పెట్టేసి "గొంతు మధ్యలో నిలవడం లేదు" అని రాసేవాళ్లు ప్రతి నెలా ఒకరుంటారు. మీ వెడల్పుకి ముందు లోపలికి పెట్టి చూడండి, పక్క గోడకి దూరమవుతాయి. బొమ్మ మరీ ఇరుకుగా ఉంటే మార్చండి. సబ్‌లు ప్యానెల్ పక్కనే కాబట్టి చెక్క నేలైతే వాటి కింద మెత్తటి రబ్బరు పాదాలు వేయండి, లేదంటే సబ్ కంపనం స్టాండ్ ద్వారా ఫ్రేమ్‌లోకి ఎక్కుతుంది. సన్నటి "జీ" మనే శబ్దం వస్తే స్టాండ్ బోల్టులు ముందు బిగించి చూడండి, పొర మీద అనుమానం తర్వాత. కుదిరిన చోట స్టాండ్ కాళ్లకి నేల మీద టేప్ గుర్తు పెట్టండి. ఊడ్చేటప్పుడు 10 సెంటీమీటర్లు జరిగితే పైన పడ్డ కష్టమంతా మళ్లీ మొదటికే.